మొదటి పేజీ మనిషి

ఆఫీసు ముఖద్వారానికి కొత్తగా బిగించిన అద్దాల తలుపు దానంతటది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో తేల్చాలని స్టాప్‌వాచ్ గారు ఒక ఉదయం దాని ఎదుట నిలబడ్డారు. కొలత సరిగ్గా రావాలంటే కొలిచేవాడు కదలకూడదు కనుక ఆయన కదలలేదు. ఊపిరి కూడా పొదుపుగా పీల్చారు. ఎదుట ఏదైనా కదిలితేనే తెరుచుకునే తలుపు కనుక అదీ కదలలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయారు. చివరికి నేల తుడిచే ఆవిడ లోపలి నుంచి బకెట్టు తోసుకుంటూ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ఆయన మీట నొక్కి, వచ్చిన అంకె చూసుకుని, బకెట్టులో ఒక కాలు పెట్టి, లోపలికి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు వెళ్లింది: ముఖద్వారం పనితీరు మరీ మందకొడిగా ఉంది, తగు చర్య తీసుకోగలరు. తలుపు మెకానిక్ వచ్చి, అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి నడిచి, జవాబు రాసిచ్చి పోయాడు. "తలుపు బాగుంది. వచ్చేవాళ్లకు తెరుచుకుంటోంది."

స్టాప్‌వాచ్ గారు ఆ జవాబులో మొదటి ముక్క చదివి, మనసు కష్టపెట్టుకుని, పక్కన పడేశారు. రెండో ముక్క కూడా చదివి ఉంటే తర్వాత జరిగిన వాటిలో సగం జరిగేవి కావు.

ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు. ఆయన భార్య లెక్కల టీచరు. ఆవిడ స్కూల్లో డ్రిల్లు మాస్టారు రిటైరవుతూ తన సామాన్లు తలా ఒకటి పంచిపెట్టినప్పుడు నల్లతాడు కట్టిన స్టాప్‌వాచ్ ఈ ఇంటికి వచ్చింది. ఈల ఇంకెవరికో వెళ్లింది. ఆ ఇంకెవరికో ఆఫీసంతా రుణపడి ఉంది. ఆనాటి నుంచీ అది ఆయన మెడలో గుర్తింపు కార్డు పక్కన వేలాడుతూనే ఉంది. లిఫ్టు, ప్రింటరు, టీ కాచే కుర్రవాళ్ల చేతులు, చేతులు కడుక్కునే చోట కుళాయి, దేన్నీ వదల్లేదు. కొలిచాక ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ అంకె మెల్లగా చెప్పి, ఎదుటివాళ్ల మొహంలోకి జాలిగా చూసేవారు. అంతకన్నా నాలుగు తిడితే బాగుండునని చాలామందికి అనిపించేది.

అది కళ్లద్దాల కంపెనీ. దుకాణాలవాళ్లు కంటి నంబర్లు పంపిస్తే, వెనక హాల్లో యంత్రాల మీద అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, పెట్టెల్లో పెట్టి పంపుతారు. ఎవరి చూపు ఏ పెట్టెలో ఉందో, ఎవరిది ఎక్కడ ఆగిందో, అంతా ఒక డేటాబేస్‌లో ఉంటుంది. ఆ డేటాబేస్ మాత్రం ఆ భవనంలో ఉండదు. క్లౌడ్ అని పేరు పెట్టుకున్న ఎవరిదో పెద్ద కంపెనీవారి హాల్లో, ఎక్కడో దూరాన, అద్దెకు ఉంటుంది. దాని ఆరోగ్యం కనిపెట్టి చూడటం స్టాప్‌వాచ్ గారి ఉద్యోగం. దాన్ని ఎవరు ఏమడిగినా, అంటే ఫలానా ఆర్డరు ఎక్కడుంది, ఫలానా ఫ్రేములు ఎన్ని మిగిలాయి అని అడిగినా, ఆ ప్రశ్నను క్వెరీ అంటారు. ఏ క్వెరీకి ఎంతసేపు పట్టిందో క్లౌడ్ వాళ్లే లెక్కగట్టి ఒక పట్టికలో చూపిస్తారు. అలాంటి పట్టిక ఒకటి లోకంలో ఉందని తెలిసిన రోజు తన పుట్టుకకు అర్థం దొరికినట్టయిందని ఆయన ఇంట్లో చెప్పుకున్నారట.

మనిషి మంచివాడే. పని ఎగ్గొట్టడం తెలియదు. వానొచ్చినా, ఒళ్లు వెచ్చబడినా ఆఫీసుకు రావలసిందే. ఎవరైనా ముందుగా ఇంటికి వెళతామంటే కాదనేవారు కాదు. వెళ్లేటప్పుడు మాత్రం మీట నొక్కేవారు. ఆయనలో ఉన్న లోపమల్లా ఒక్కటే, దేన్నైనా మొదటి పేజీ వరకే చదువుతారు. పేపరు మొదటి పేజీ చదివి మడతపెడతారు. ఇంట్లో బీరువా నిండా నవలలున్నాయి, అన్నిటిలోనూ రెండో పేజీ దగ్గర ఒక బస్సు టిక్కెట్టు ఉంటుంది. ఇంటి అద్దె ఒప్పందంలో మొదటి పేజీ చదివి సంతకం పెట్టారు. మేడ మీదికి వెళ్లే మెట్లు తమవి కావని రెండో పేజీలో ఉన్న సంగతి బట్టలు ఆరేశాక తెలిసింది. మొదటి పేజీ చూస్తే మిగతాది ఎలా ఉంటుందో తెలిసిపోతుందని ఆయన నమ్మకం.

"నన్ను కూడా మొదటి పేజీ దాకానే చదివారు" అని భార్య అంటూ ఉంటుంది. "అందుకే కాపురం ఇంత సజావుగా నడుస్తోంది."

ఆఫీసులో ఆయనకు సొంతంగా కల్పించుకున్న ఒక ఆచారం ఉండేది. దాని పేరు పలకరింపులు. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే, ఆస్పత్రిలో పెద్ద డాక్టరు వార్డు చుట్టి వచ్చినట్టు, డేటాబేస్‌లోని ముఖ్యమైన జాబితాలన్నీ ఒక్కొక్కటిగా తెరుస్తారు. దుకాణాల జాబితా, ఫ్రేముల జాబితా, యంత్రాల జాబితా, చివరికి దుకాణాలకు వెళ్లవలసిన పెట్టెల లెక్క ఉండే డిస్పాచ్ జాబితా. ప్రతిదానికీ మొదటి పేజీ రాగానే "ఊఁ, బాగున్నావు" అనుకుని, దాన్ని స్క్రీన్ అడుగుకు కుదించి, తర్వాతది తెరుస్తారు. మూసేవారు కాదు. పలకరించిన మనిషి మొహం మీద తలుపు వేసినట్టుంటుందని ఆయనకు అనిపించేది. సాయంత్రం కంప్యూటరు ఆపినప్పుడు అన్నీ కలిసే పోతాయి కదా.

ఈ మర్యాదస్తుడికి ఒక కోరిక ఉండేది. అద్దాల గది. సిస్టమ్స్ విభాగానికి పెద్దగా ఉన్న ఆయన ఉద్యోగం మానేసి వెళ్లినప్పటి నుంచి హాలు చివర ఆ గది ఖాళీగా ఉంది. లోపల తిరిగే కుర్చీ, పొడవాటి బల్ల, తలుపు మీద పేరు పలక కోసం రెండు మేకులు. స్టాప్‌వాచ్ గారు దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా ఆ మేకుల వంక చూసి, మెడలోని కార్డు సవరించుకునేవారు. ఇప్పుడు ఆయన కూర్చునే చోటు ప్రింటరుకీ మంచినీళ్ల డబ్బాకీ మధ్య. కాగితం ఇరుక్కుంటే ఆయన్నే పిలిచేవారు, నీళ్లు అయిపోయినా ఆయన్నే పిలిచేవారు.

ఒకనాడు కంపెనీ యజమాని, అందరూ పెద్దాయన అంటారు, నీళ్లు తాగడానికి అటొచ్చి స్టాప్‌వాచ్ గారి స్క్రీన్ వంక చూశారు. క్లౌడ్ వారి పట్టిక తెరిచి ఉంది. అన్ని గీతలూ పచ్చగా ఉంటే, పైనున్న గీత ఒకటి నెత్తురులా ఎర్రగా ఉంది.

"ఏమయ్యా, అదేంటి?"

డిస్పాచ్ జాబితా అని, దాన్ని తెరవడానికి సగటున పదకొండు నిమిషాలు పడుతోందని, మిగతావన్నీ రెప్పపాటులో వస్తున్నాయని ఆయన వివరించారు. పెద్దాయనకు వివరాలతో పని లేదు. ఎరుపంటే ఆయనకు పడదు, అంతే. గ్లాసు కింద పెట్టి, వచ్చే నెల సమీక్షకల్లా ఆ ఎర్రది పచ్చగా అవ్వాలన్నారు.

"అయితే ఆ గది నీదే పో" అని హాలు చివరికి వేలు చూపించారు.

ఆ మధ్యాహ్నం స్టాప్‌వాచ్ గారు భోజనం పెట్టె విప్పనే లేదు.

డిస్పాచ్ చూసే ఆవిడను ఆఫీసంతా అక్కయ్య అంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద పెట్టుకుని, పెట్టెల గుట్టల మధ్య కూర్చుంటుంది. దుకాణం నుంచి ఫోను వస్తే చాలు, జాబితా తెరిచి, ఆర్డరు నంబరు కొట్టి, పెట్టె ఎక్కడుందో చెప్పి, మూసేస్తుంది. రోజుకు అలా పదులసార్లు. ఆమె దగ్గరకు స్టాప్‌వాచ్ గారు వెళ్లి, మీ జాబితా తెరవడానికి సగటున పదకొండు నిమిషాలు పడుతోందని, రోగికి జబ్బు పేరు చెప్పినంత మెత్తగా చెప్పారు.

ఆమె ఆయన ఎదుటే మీట నొక్కింది. జాబితా టక్కున వచ్చింది.

"వచ్చింది కదా బాబూ?"

"ఇది కాదక్కయ్యా. సగటు."

"ఆ పదకొండు నిమిషాలూ ఎవరికి పడుతున్నాయి మరి?"

"మీకే."

"నాకు తెలియకుండానా?"

మనుషులకు తెలియదు, అంకెలకు తెలుస్తుంది అన్నారాయన. అక్కయ్య నెత్తి మీది కళ్లజోడు దించి, ముక్కు మీదిది నెత్తిన పెట్టుకుని, ఆయన్ను ఇంకోసారి పరిశీలనగా చూసి, మోగుతున్న ఫోను ఎత్తింది.

ఆయన తన చోటికి వచ్చి తన కంప్యూటరు మీద అదే జాబితా తెరిచి చూశారు. రెప్పపాటులో మొదటి పేజీ వచ్చింది. చూశారా, నాకైతే ఎంత చకచకా వస్తుందో అని ప్రింటరుతో అన్నారు. దాన్ని కూడా అడుగుకు కుదించి, పరిశోధన మొదలుపెట్టారు.

ముందుగా, అద్దెకున్న యంత్రం చిన్నదైపోయిందేమోనని పెద్దది తీసుకున్నారు. పెద్దాయన మొహం ముడుచుకుని ఒప్పుకున్నారు. ఎర్రగీత ఎర్రగానే ఉంది. ఈ సంగతి తేల్చేదాకా ఊరుకోకూడదని స్టాప్‌వాచ్ గారు పొద్దున మరికాస్త ముందుగా రావడం, సాయంత్రం మరికాస్త ఆలస్యంగా వెళ్లడం మొదలుపెట్టారు. చిత్రంగా, ఆయన ఎంత ఎక్కువ కష్టపడితే సగటు అంత పెరిగింది. మధ్యలో జ్వరం తగిలి రెండ్రోజులు మంచం మీద ఉన్నారు. తిరిగి వచ్చి చూస్తే ఆ రెండ్రోజులూ గీత పచ్చగా నవనవలాడుతోంది. ఇంకొకరైతే అక్కడ ఆగి కాస్త ఆలోచించేవారు. ఆయనా ఆలోచించారు. తను లేనప్పుడు బుద్ధిగా ఉండి, ఉన్నప్పుడే ఆలస్యం చేస్తోందంటే, ఎవరో కావాలని తన మీద కక్ష కట్టి చేయిస్తున్నారని తేల్చారు.

క్లౌడ్ కంపెనీవారి సహాయ విభాగానికి ఫోను చేశారు. అవతల ఒక ఇంజనీరు, చాలా ఓపికమంతుడు, అంతా చూసి, "సార్, మా వైపు ఏ లోపమూ లేదు, యంత్రం దాదాపు ఖాళీగానే ఉంది" అని మొదలుపెట్టాడు. స్టాప్‌వాచ్ గారికి కావలసింది దొరికింది. థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశారు. ఆ ఇంజనీరు ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు గొంతు వినిపించింది గానీ, అది రెండో పేజీ.

అంటే యంత్రం పని చేయడం లేదు, కానీ ఆలస్యం మాత్రం చేస్తోంది. అలాంటి నేర్పు ఆయన అంతవరకూ మనుషుల్లోనే చూశారు.

ఇంట్లో కూడా ఇదే గోల. అన్నం తింటూ సగటు గురించి చెబుతుంటే భార్య కూర వడ్డిస్తూ ఆగింది.

"ఏమండీ, మా క్లాసులో అందరూ గంట కొట్టేలోపు వస్తారు. ఒక్కడు మధ్యాహ్నానికి వస్తాడు. సగటు తీస్తే క్లాసంతా ఆలస్యమే. పాపం మిగతావాళ్లనెందుకు అంటారు, ఆ ఒక్కడెవడో చూసుకోండి."

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో ఆయన అలవాటుగా కొలిచారు. కానీ మాట కూడా మనసులో పడింది.

ఇదే ఇంట్లో మావగారు కూడా ఉంటారు. భార్యకు తండ్రి. పొద్దున పేపరు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా వదలరని అల్లుడి ఫిర్యాదు. కొన్నాళ్లుగా ఆయన చూపు మందగించి, పేపరు చేతులు బారజాపి పట్టుకుని చదివేవారు. చేతుల పొడవు చాలక, ఇప్పుడు పేపరును కిటికీ చువ్వలకు గుచ్చి, గదికి ఆ చివర కుర్చీ వేసుకుని చదువుతున్నారు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా లేచి నడిచి వెళ్లి వస్తారు. నంబరు మారినట్టుంది అల్లుడుగారూ అని ఆయన అన్న రోజే స్టాప్‌వాచ్ గారు కంపెనీలో ఆర్డరు పెట్టేశారు. పెట్టేశానని చెప్పారు కూడా. ఆయన వంతు అక్కడితో అయిపోయింది. తర్వాత మావగారు రెండు మూడుసార్లు అడిగితే "వస్తున్నాయి" అని చెప్పి, పేపరుకు ఎంతసేపు పడుతోందో కొలుస్తూ ఉన్నారు.

మర్నాడు భార్య మాట ప్రకారం, క్లౌడ్ వారి పట్టికను మొదటిసారిగా పక్కకు జరిపి చూశారు. సగటు పక్కనే ఇంకో వరుస ఉంది: అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది ఎంత అని. చూస్తే కళ్లు తిరిగాయి. డిస్పాచ్ జాబితాను పదులసార్లు అడిగితే అన్నీ రెప్పపాటే. ఒక్కటి మాత్రం పొద్దున మొదలై సాయంత్రం దాకా నడుస్తోంది. ప్రతిరోజూ అంతే. ఆ ఒక్కడు దొరికాడు.

ఇక ఎవరో తేలాలి. పట్టికలో పేరు ఉండాలి గానీ, అందరికీ వేర్వేరు పాస్‌వర్డులిస్తే లోపలికి రావడం ఆలస్యమవుతుందని ఒకప్పుడు ఆయనే కంపెనీ మొత్తానికి ఒకటే ఇచ్చారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లు ఎవరు? అందరూ. అందరిలోకీ ముందు వచ్చేదెవరు? అక్కయ్య. జాబితా ఎవరిది? అక్కయ్యది. స్టాప్‌వాచ్ గారు సమీక్షకు ముందే పెద్దాయనకు నివేదిక రాశారు. డిస్పాచ్ విభాగం నిర్లక్ష్యం వల్ల డేటాబేస్ రోజంతా నలిగిపోతోందని, నివారణగా ఆ జాబితాను మొదటి పేజీకే కుదించాలని, పాతవన్నీ తీసేయాలని.

ఈ కబురు తెలిసి అక్కయ్య ప్రింటరు దగ్గరికి వచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఆమె గొంతు తగ్గుతుంది.

"పాతవి కింద ఉంటాయి బాబూ. నంబరు తప్పిందనో, అద్దం పగిలిందనో, అడిగినదానికి జవాబు రాలేదనో ఆగిపోయినవి. మొదటి పేజీలో ఉన్నవాళ్లకు నేను గుర్తు చేయకపోయినా పెట్టెలు వెళతాయి. చివరి పేజీలో ఉన్నవాళ్లకే ఏమీ కనపడనిది."

"వేగం ముఖ్యం కదక్కయ్యా" అన్నారు స్టాప్‌వాచ్ గారు, మేకుల వంక ఒక చూపు విసిరి.

సమీక్ష రోజు వచ్చింది. నిందితురాలిని అందరి ముందూ పట్టుకోవాలని ఆయన గట్టి ఏర్పాటే చేసుకున్నారు. తన కంప్యూటరును సమావేశం గదిలో గోడమీది పెద్ద తెరకు తగిలించారు. ఈ క్షణాన ఏ క్వెరీలు నడుస్తున్నాయో తెర మీద కనిపిస్తుంది. క్లౌడ్ ఇంజనీరును ఫోనులో స్పీకరు మీద పెట్టారు. పెద్దాయన వచ్చి కూర్చున్నారు. అక్కయ్య తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. తెర మీద డిస్పాచ్ జాబితా ఎర్రగా, పొద్దున్నుంచీ నడుస్తూ, కొలువై ఉంది.

స్టాప్‌వాచ్ గారు గొంతు సవరించుకుని, అందరినీ ఆ జాబితా మూసేయమన్నారు. తనే స్వయంగా భవనమంతా తిరిగి వచ్చారు. యంత్రాల హాల్లో మూయించారు, ఫ్రేముల గదిలో మూయించారు, ఫోన్లు ఎత్తే అమ్మాయిల దగ్గర మూయించారు. అక్కయ్య వెళ్లి తన కంప్యూటరును ఏకంగా ఆపేసి, తీగ కూడా పీకేసి, తీగ కొస చేతబట్టుకుని తిరిగి వచ్చి కూర్చుంది.

తెర మీద ఎర్రగీత అలాగే ఉంది.

గదిలో ఎవరో దగ్గారు. పెద్దాయన తీగ వంక చూసి, తెర వంక చూసి, స్టాప్‌వాచ్ గారి వంక చూశారు. ఆయన ఎడమచేత్తో మెడలోని స్టాప్‌వాచ్‌ను పట్టుకుని ఉన్నారు. అది అప్పటికే నడుస్తోంది.

స్పీకరులోంచి ఇంజనీరు గొంతు వచ్చింది. "సార్, అది పని చేయడం లేదండీ. ఎదురుచూస్తోంది. ఎవరో ఆ జాబితా అడిగి, మొదటి పేజీ తీసుకుని, మిగతాది తీసుకోకుండా వదిలేశారు. చివరి వరస అందుకునేదాకా మా గడియారం ఆగదు. చిన్న జాబితాలైతే మొదటి పేజీలోనే అయిపోతాయి కాబట్టి చిక్కు లేదు. ఇది పొడుగుది. మొన్న ఫోనులో ఇదే చెప్పబోయాను, సారు పెట్టేశారు."

"మొదటి పేజీ తీసుకుని మిగతాది వదిలేసే మనిషి ఎవరబ్బా మన దగ్గర?" అన్నారు పెద్దాయన, నిజంగానే తెలియక.

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. స్టాప్‌వాచ్ గారు కూడా, తనకు తెలియకుండానే, అందరితో పాటు తిరిగి వెనక ఎవరున్నారా అని చూశారు. వెనక గోడ ఉంది.

అక్కయ్య లేచి తెర దగ్గరికి నడిచింది. తెర అడుగున కుదించి పెట్టిన చిన్న చిన్న గళ్లు బారులు తీరి ఉన్నాయి.

"ఇవేంటి బాబూ?"

"అవి" అని ఆయన ఆగారు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. "నా పలకరింపులు."

ఆమె బల్ల మీది మౌస్ అందుకుని చివరి గడి మీద నొక్కింది. క్వెరీల పట్టిక చిన్నదై ఒక పక్కకు ఒదిగి, మిగతా గోడంతా డిస్పాచ్ జాబితా పరుచుకుంది. మొదటి పేజీ. పొద్దున ఆయన "బాగున్నావు" అన్నప్పటి నుంచీ, ఆ డేటాబేస్ ఎక్కడో దూరాన తన హాల్లో, వడ్డించడానికి గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిలా, మిగతాది అందుకోమని చూస్తూ నిలబడే ఉంది. పరిశోధన కోసమని ఆయన తెరిచినవి కూడా ఆయా రోజుల్లో ఇలాగే సాయంత్రం దాకా నిలబడ్డాయి. రోగం ఎక్కడుందో చూద్దామని తెరిచిన ప్రతిసారీ ఇంకో రోగం తగిలించారన్నమాట.

అక్కయ్య చూపుడువేలితో మౌస్ చక్రం తిప్పడం మొదలుపెట్టింది. పేజీలు కదిలాయి. తిప్పుతూనే ఆమె చదువుకుంటూ పోయింది, ఇది పగిలింది, దీనికి ఫ్రేము రాలేదు, ఇది బస్సు నడిపేవాడిది, ఇది చంటిపిల్లది అని, తన పెరట్లో మొక్కలు చూపించినట్టు. తిప్పగా తిప్పగా చివరి వరస వచ్చింది. అది వచ్చిన మరుక్షణం, పక్కనున్న చిన్న పట్టికలోంచి ఎర్రగీత చప్పుడు లేకుండా మాయమైంది.

కానీ అప్పుడు ఎవరూ దాన్ని చూడటం లేదు. అందరూ చివరి వరసనే చూస్తున్నారు. అక్కడ ఆర్డరు పెట్టినవారి చోట స్టాప్‌వాచ్ గారి పేరుంది. ఎవరి కోసం అన్న చోట, మావగారు అని ఉంది. ఆగిన కారణం: రెండు కళ్లకూ ఒకే నంబరు రాశారు, అనుమానంగా ఉంది, ఆర్డరు పెట్టినవారు సరిచూసి చెప్పాలి.

"మీకు రాశాను బాబూ" అంది అక్కయ్య. "చాలాసార్లు. నెలవారీ వివరాలతో పాటు."

"నేను చూడలేదే."

"రెండో పేజీలో ఉంటుంది."

కిటికీ చువ్వలకు గుచ్చిన పేపరు, గదికి ఆ చివర కుర్చీ, పేజీ పేజీకీ లేచి నడిచే ముసలాయన స్టాప్‌వాచ్ గారి కళ్ల ముందు కదిలారు. ఆ నడకను కూడా కొలిచి, మావగారూ మీకు రోజురోజుకూ ఎక్కువసేపు పడుతోందండీ అని తను అన్న మాట చెవుల్లో మోగింది. తను రాసిన నివేదిక ప్రకారం ఈపాటికి జాబితా కుదించి ఉంటే, ఆ కళ్లజోడు ఇక ఏ పేజీలోనూ ఉండేది కాదు. ఆయన మెడలోని స్టాప్‌వాచ్ మీట నొక్కి ఆపారు. అంకె చూడలేదు. అది మెడలో పడ్డాక అలా చూడకపోవడం అదే మొదలు.

పెద్దాయన గడ్డం నిమురుకున్నారు. ఆయనకు వివరాలతో పని లేదని ముందే చెప్పుకున్నాం. ఎర్రది పచ్చగా అయిందా అని అడిగారు. అయిందని ఇంజనీరు స్పీకరులోంచి సాక్ష్యమిచ్చాడు. ఎవరి వల్ల ఎర్రబడిందన్నది ఒప్పందంలో లేదు. మాటంటే మాటే అన్నారు పెద్దాయన. నివేదిక రద్దు, పెద్ద యంత్రం వెనక్కి, జాబితా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, అద్దాల గది స్టాప్‌వాచ్ గారిది.

"ఒక్కటి" అని లేస్తూ తీగ వంక చూపించారు. "ముందు ఆవిడకు క్షమాపణ చెప్పు. అందరికీ ఎవరి పాస్‌వర్డు వాళ్లకివ్వు. ఆ తర్వాతే కుర్చీలో కూర్చో."

పాస్‌వర్డులు ఆ సాయంత్రమే ఇచ్చేశారు. మావగారి నంబరు మర్నాడే సరిచూసి పంపారు, కళ్లజోడు వచ్చింది, మావగారు ఇప్పుడు పేపరు ఒళ్లో పెట్టుకుని చదువుతున్నారు, పూర్వంకన్నా ఇంకా ఎక్కువసేపు, ఎందుకంటే ఇప్పుడు చిన్నక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. అల్లుడు ఆ సంగతి కొలవడం మానేశారని అంటే నమ్మబుద్ధి కాదు గానీ, అంకె పైకి చెప్పడం మాత్రం మానేశారు.

క్షమాపణ సంగతి. ఆయన ఎగ్గొట్టలేదు, వెళ్లారు. పెట్టెల గుట్టల మధ్య నిలబడి, చేతులు కట్టుకుని, "అక్కయ్యా, ఆ రోజు నేను మీ గురించి" అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ప్రింటరులో కాగితం ఇరుక్కుందని ఎవరో కేకేశారు. పాత అలవాటు. ఆయన అటు పరుగెత్తారు. కాగితం తీశాక, తను ఎక్కడికో వెళ్లి ఏదో మంచిపని చేసి వచ్చినట్టు గుర్తొచ్చి, మనసు తేలికపడి, నేరుగా వెళ్లి తిరిగే కుర్చీలో కూర్చున్నారు. మేకులకు పేరు పలక కూడా ఎక్కింది.

కొన్ని వారాలు గడిచాయి. పట్టికంతా పచ్చగా ఉంది. పలకరింపులు మాత్రం మానలేదు. కాకపోతే ఇప్పుడు పలకరించాక మూసేస్తున్నారు. ఒక మధ్యాహ్నం అక్కయ్య, నెత్తి మీద ఒక కళ్లజోడు, ముక్కు మీద ఒకటి, అద్దాల గది తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"బాబూ, రాని పెట్టె కోసం దుకాణాల వాళ్లు కూడా ఇన్నాళ్లు ఆగరు. ఆ రోజు మొదలుపెట్టి పోయిన క్షమాపణ నాకింకా రాలేదు."

స్టాప్‌వాచ్ గారు కుర్చీలో సగం తిరిగి, ఎంతో జాలిగా ఆమె మొహంలోకి చూశారు.

"నేనెప్పుడో చెప్పేశానక్కయ్యా, మీరే ఇంకా పూర్తిగా అందుకోలేదు."